రక్తపరీక్షలో తేడా వచ్చింది, జబ్బేమిటో ఇంకా తేలలేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

రిపోర్టులో ఒక అంకె ఎర్రగా కనబడుతుంది. డాక్టర్ "ఇంకొన్ని పరీక్షలు చేద్దాం" అంటారు. ఆ మాటకీ, అసలు సంగతి తేలడానికీ మధ్య రోజులు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ మధ్యకాలంలో ఉన్నవాళ్ళు అడిగే సందేహాలు ఎప్పుడూ దాదాపు ఇవే కాబట్టి ఒకచోట పెట్టాను. మీరు ఏ దశలో ఉంటే అక్కడి నుంచే చదువుకోండి. మీ శరీరాన్ని చూసిన డాక్టర్ చెప్పిన మాటకీ ఇక్కడి మాటకీ తేడా వస్తే డాక్టర్ మాటే వినండి.

## రిపోర్టు చేతికొచ్చినప్పుడు

ఒక అంకె ఎర్రగా ఉంది. అంటే జబ్బు ఉన్నట్టేనా?

ఆ ఒక్కదాన్ని బట్టి చెప్పలేం. చాలా పరీక్షలకు 'నార్మల్' హద్దులు ఎలా గీస్తారంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని చాలామందిని పరీక్షించి, వాళ్ళలో మధ్యనున్న 95 శాతం మంది ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉన్నారో చూస్తారు. అంటే ఏ జబ్బూ లేని ప్రతి 20 మందిలో ఒకరు ఎలాగూ గీత బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే, నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా కనీసం ఒకటి గీత దాటే అవకాశం 64 శాతం.

పైగా కంప్యూటర్‌కి తరతమాలు తెలియవు. ప్లేట్‌లెట్లు 1,45,000 ఉన్నా 15,000 ఉన్నా అదే ఎరుపు. మొదటిది చాలాసార్లు మళ్ళీ చూద్దాం అనే రకం, రెండోది ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సినది. అందుకే డాక్టర్లు రంగు చూడరు. గీత ఎంత దూరం దాటింది, పాత రిపోర్టుల నుంచి ఎటు కదులుతోంది, పక్కనున్న అంకెలు కూడా మారాయా అని చూస్తారు. పాత రిపోర్టులు ఎక్కడున్నా వెతికి తీసుకెళ్ళండి. పదేళ్ళుగా తెల్లకణాలు అలాగే తక్కువగా ఉన్నాయని చూపించే ఒక పాత కాగితం కొన్ని కొత్త పరీక్షలను తప్పించగలదు.

నిజంగా ప్రమాదమైతే వాళ్ళే ఫోన్ చేసేవాళ్ళు కదా?

చాలావరకు చేస్తారు. ఫలానా అంకె దాటితే ల్యాబ్ వెంటనే డాక్టర్‌కు చెప్పి తీరాలి అనే పద్ధతిని 1972లో జార్జ్ లండ్‌బర్గ్ అనే పాథాలజిస్ట్ ప్రతిపాదించారు. ఇప్పుడు ప్రపంచమంతటా ల్యాబుల్లో అలాంటి పట్టిక ఉంటుంది. బాగా పెరిగిన పొటాషియం, బాగా పడిపోయిన ప్లేట్‌లెట్లు అందులోకి వస్తాయి. కానీ ఫోన్ నంబరు తప్పుండొచ్చు, కబురు అందాల్సిన డాక్టర్ సెలవులో ఉండొచ్చు. ఫోన్ రాలేదంటే బహుశా అత్యవసరం కాదని అనుకోవచ్చు. అంతా బాగుందని మాత్రం అనుకోకూడదు.

ఏమేం జరిగితే అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు?

ఛాతీ నొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, మాట తడబడటం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం, ఆగని రక్తస్రావం, తారులాంటి నల్లటి విరేచనం, చర్మం మీద ఒక్కసారిగా సన్నటి ఎర్రచుక్కలు లేచి వాటితోపాటు చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం. వీటిలో ఏది కనబడినా అత్యవసర విభాగానికి వెళ్ళండి. ఇంకొకటి చాలామందికి తెలియదు: న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లకణాలు) బాగా తక్కువని, ముఖ్యంగా 500 కంటే తక్కువని, చెప్పి ఉంటే 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం కూడా ఆగకూడని సంగతే. మాత్ర వేసుకుని పొద్దున చూద్దాం అనుకోవద్దు. అక్కడికి వెళ్ళగానే చెప్పాల్సిన మొదటి మాట మీ న్యూట్రోఫిల్స్ అంకె.

పరీక్షే తప్పయి ఉండొచ్చా?

ఉండొచ్చు, అనుకున్నదానికంటే ఎక్కువసార్లే. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే ఈడీటీఏ అనే పదార్థం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోతాయి. యంత్రం వాటిని విడిగా లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. రక్తాన్ని స్లైడ్ మీద పరిచి మైక్రోస్కోప్ కింద ఎవరైనా కళ్ళతో చూస్తేనో, ఈడీటీఏ బదులు సిట్రేట్ ఉన్న గొట్టంలో మళ్ళీ తీస్తేనో గుట్టు బయటపడుతుంది. రక్తం తీసేటప్పుడు ఎర్రకణాలు చితికితే పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. ముందురోజు ఒళ్ళు హూనమయ్యేలా వ్యాయామం చేస్తే కండరాల నుంచి రక్తంలోకి వచ్చే సీకే, ఏఎస్‌టీ అనే ఎంజైములు పెరుగుతాయి. గిల్బర్ట్ సిండ్రోమ్ అనే హాని లేని పుట్టుక లక్షణం ఉన్నవాళ్ళకు ఉపవాసంతో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) ఎక్కుతుంది. జుట్టుకీ గోళ్ళకీ వాడే మాత్రల్లోని బయోటిన్ కొన్ని థైరాయిడ్, గుండె పరీక్షలను తప్పుదోవ పట్టిస్తుంది. దీని మీద అమెరికా ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక కూడా ఇచ్చింది. మీరు వాడే సప్లిమెంట్ల పేర్లన్నీ డాక్టర్‌కు చెప్పండి, "అది మందు కాదుగా" అనుకున్నవి కూడా.

క్యాన్సర్ మార్కర్ (కొన్ని క్యాన్సర్లలో రక్తంలో పెరిగే పదార్థం) ఎక్కువ వచ్చింది. ఇక అంతేనా?

కాదు. సీఏ-125 అనే మార్కర్ ఎండోమెట్రియోసిస్‌లో (గర్భాశయపు లోపలి పొర లాంటిది బయట పెరిగే సమస్య), నెలసరి రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. పీఎస్‌ఏ ప్రోస్టేట్ వాచినా, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. సీఈఏ పొగతాగేవాళ్ళలో మామూలుగానే కాస్త ఎక్కువ. ఇవి ఎక్కువగా పనికొచ్చేది జబ్బు ముందే తేలినవాళ్ళలో చికిత్స ఎలా నడుస్తోందో చూడటానికి. ఏ లక్షణమూ లేనివాళ్ళకు హెల్త్ ప్యాకేజీలో వీటన్నిటినీ కలిపి చేయడం నా దృష్టిలో భయాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడమే. అయినా వచ్చేసిన ఫలితాన్ని పక్కన పడేయకూడదు, డాక్టర్‌కు చూపించాలి.

ఏఎన్‌ఏ పాజిటివ్ అంటే లూపస్ అని చదివాను. నిజమా?

ఏఎన్‌ఏ అంటే మన సొంత కణాల కేంద్రకాల మీదే తయారయ్యే యాంటీబాడీలు, లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే తిరగబడే జబ్బు. లూపస్ ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ ఏఎన్‌ఏ పాజిటివ్ ఉంటుంది. పాజిటివ్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి లూపస్ ఉండదు. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆరోగ్యవంతుల్లోనే 1:40 దగ్గర (అంటే శాంపిల్‌ను 40 రెట్లు పలచన చేసినప్పుడు) దాదాపు 32 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. మీ రిపోర్టులో 1: తర్వాతి ఆ రెండో అంకె ఎంతో చూడండి. కీళ్ళ నొప్పి, దద్దుర్లు, నోటిపూత, మూత్రంలో ప్రొటీన్ లాంటివి తోడుంటేనే ఆ పాజిటివ్‌కు బలం వస్తుంది.

## మళ్ళీ పరీక్షలు, ఇంకా పరీక్షలు

"ఆరు వారాల తర్వాత మళ్ళీ చేద్దాం" అన్నారు. అన్నాళ్ళు ఆగడం ప్రమాదం కాదా?

ఆ గడువు సాధారణంగా శరీరం వేగాన్ని బట్టి పెట్టినదే. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు, ప్లేట్‌లెట్‌ది 7 నుంచి 10 రోజులు. ఒంట్లో వాపును చూపే పరీక్షల్లో, ఇన్ఫెక్షన్ తగ్గాక సీఆర్‌పీ కొద్ది రోజుల్లోనే దిగిపోతుంది, ఈఎస్‌ఆర్‌కి వారాలు పడుతుంది. వైరల్ జ్వరం తర్వాత తెల్లకణాలు కుదురుకోవడానికి కూడా కొన్ని వారాలు పట్టొచ్చు. థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ కొత్త మట్టానికి చేరి నిలబడాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. మూడో రోజే మళ్ళీ చేస్తే పాత అంకే మళ్ళీ వస్తుంది, భయం మాత్రం రెట్టింపవుతుంది.

డాక్టర్ ఆగమన్నారంటే, రెండుసార్లు చేసిన పరీక్షల మధ్య జరిగే మార్పే వాళ్ళకు కావలసిన సమాచారం. ఆగమన్న రోజే ఒక ప్రశ్న అడిగి పెట్టుకోండి: "ఈలోగా ఏం కనబడితే ముందే రావాలి?"

హెమటాలజిస్ట్ (రక్త జబ్బుల డాక్టర్) దగ్గరికి పంపారు. బోర్డు మీద ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) అని ఉంది.

ఆ బోర్డు చూసి గుమ్మంలోనే కాళ్ళు వణికినవాళ్ళు చాలామంది. రక్తహీనత, ఐరన్ ఎక్కువ కావడం, రక్తం గడ్డకట్టే తీరులో లోపాలు, కారణం తెలియకుండా ప్లేట్‌లెట్లు తగ్గడం, ఇవన్నీ హెమటాలజిస్ట్ చూసేవే. చాలా ఆసుపత్రుల్లో ఈ రెండు విభాగాలూ ఒకేచోట నడుస్తాయి. అందుకే బోర్డు కూడా ఒకటే.

బోన్ మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష చేశారు. ఫలితం ముక్కలు ముక్కలుగా ఎందుకు వస్తోంది?

తీసినది ఒకసారే అయినా దాని మీద జరిగే పనులు చాలా. పీల్చి తీసిన ద్రవాన్ని స్లైడ్ మీద పరిచి చూడటం ఒకటి రెండు రోజుల పని. సన్నటి ఎముక ముక్కను ముందు మెత్తబరచాలి, ఆ తర్వాతే కోయగలరు, కాబట్టి ఇంకొన్ని రోజులు. కణాలు ఏ రకమో యంత్రంతో గుర్తించే ఫ్లో సైటోమెట్రీ కొద్ది రోజుల్లో వస్తుంది. క్రోమోజోముల పరీక్షకు కణాలను ల్యాబ్‌లో పెంచాలి. దానికి సాధారణంగా రెండు మూడు వారాలు. జన్యు పరీక్షలకు అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు.

మొదటి ముక్క వచ్చినప్పుడు డాక్టర్ ఏమీ చెప్పకపోతే దాస్తున్నారని అనుకోకండి. సగం చూసి చెప్పిన పేరు మారిపోతే తర్వాత మీరే ఎక్కువ నలుగుతారు. ఏ ముక్క ఎప్పుడు రావాలో మాత్రం అడిగి రాసుకోండి.

ఊరుకోలేక వేరే ల్యాబ్‌లో చేయించుకుందామనుకుంటున్నాను.

యంత్రాలు వేరు, పద్ధతులు వేరు, హద్దులు కూడా వేరు. రెండు ల్యాబుల మధ్య వచ్చిన చిన్న తేడా మీలో వచ్చిన మార్పు కాకపోవచ్చు. మార్పు గమనించాలంటే ఒకే ల్యాబ్ మంచిది, వీలైతే రోజులో ఒకే సమయానికి. మొదటి ఫలితం మీదే అనుమానముంటే డాక్టర్‌కు చెప్పి మళ్ళీ చేయించండి.

ఈలోగా ఐరన్ మాత్రలు మొదలుపెడితే మంచిదేగా?

పరీక్షకు రక్తం ఇవ్వకముందే మొదలుపెడితే దొరకాల్సిన ఆధారం చెరిగిపోతుంది. ఐరన్ అలాంటిదే, బీ12 అలాంటిదే. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే బీ12 లోపం వల్ల వచ్చిన రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం ఆగదు. స్టెరాయిడ్లు ఇంకా పెద్ద చిక్కు. గడ్డ బయాప్సీకి ముందు వాడితే లింఫోమా (లింఫు గ్రంథుల్లో వచ్చే క్యాన్సర్) ఉన్నా కనబడకుండా పోవచ్చు. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేసుకోకూడదు. అలాగని గుండెకో బీపీకో ముందునుంచీ వాడుతున్న మందుల్ని మీకు మీరే ఆపేయకండి.

## ఎదురుచూసే రోజుల్లో

చెడ్డ వార్తైనా సరే, తేలిపోతే చాలనిపిస్తోంది. ఇదేం మనసు?

మామూలు మనసే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ప్రచురించారు. కంప్యూటర్ తెర మీద రాళ్ళు, కొన్నిటి కింద పాము. పాము కనబడితే చేతికి చిన్న కరెంటు షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటికంటే, అవునో కాదో సగం సగంగా ఉన్నప్పుడే జనానికి ఒత్తిడి ఎక్కువైంది. చెమట, కంటిపాప కొలిచి చూసిన సంగతి ఇది. మీరు కోరుకుంటున్నది జబ్బును కాదు, ఊగిసలాట ఆగడాన్ని.

"పాజిటివ్‌గా ఉండు" అంటున్నారు. ఉండలేకపోతే ఫలితం చెడిపోతుందా?

గొట్టంలోకి వెళ్ళిన రక్తానికి మీ మూడ్‌తో పనిలేదు. కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎదురుచూడటం మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు. కాలిఫోర్నియాలో లాయర్ల పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం ఆగినవాళ్ళను గమనించి 2016లో రాసినదాంట్లో రెండు సంగతులు నాకు నచ్చాయి. ఆందోళన తగ్గించుకోవడానికి వాళ్ళు చేసిన ప్రయత్నాలు పెద్దగా పనిచేయలేదు. ఎదురుచూసినన్నాళ్ళూ బెంగపడ్డవాళ్ళు చెడ్డ ఫలితాన్ని మిగతావాళ్ళకంటే మెరుగ్గా తట్టుకున్నారు, మంచి ఫలితానికి ఎక్కువ సంతోషించారు. లాయర్ల పరీక్ష ఫలితమూ జబ్బూ ఒకటి కావు, నిజమే. కానీ బెంగపడటమే మీ తప్పన్నట్టు మాట్లాడేవాళ్ళకు ఇది చాలినంత జవాబు.

మరి ఏం చేస్తే కాస్త తెరిపి?

మనసు పూర్తిగా పట్టే పని. ఊరికే టీవీ ముందు కూర్చుంటే భయం పక్కనే కూర్చుంటుంది. కాస్త కష్టంగా ఉండి, ముందుకెళుతున్నట్టు తెలిసే పని, అంటే వాయిద్యం సాధన, కుట్టుపని, చదరంగం, పాడైన వస్తువు బాగుచేయడం లాంటివి మేలు. అలా పనిలో మునిగిపోవడం ఎదురుచూపును తేలిక చేస్తుందని స్వీనీ బృందం తర్వాతి అధ్యయనాల్లో కనబడింది. నడక మంచిదే, రక్తహీనత ఎక్కువగా ఉంటే ఎంతవరకో డాక్టర్‌ను అడిగి.

గూగుల్ చేయకుండా ఉండలేకపోతున్నాను.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రైన్ వైట్, ఎరిక్ హోర్విట్జ్ 2008లో ఈ అలవాటునే పరిశీలించారు. తలనొప్పి అని వెతికితే, కాఫీ మానేయడం వల్ల వచ్చే తలనొప్పీ మెదడులో కణితీ దాదాపు సమానంగా ఎదురయ్యాయి. నిజజీవితంలో వాటి మధ్య ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. మానేయమంటే ఎవరూ మానరు గనుక హద్దు పెట్టుకోండి: జబ్బు పేర్లు వెతకొద్దు, మీకు చేయబోయే పరీక్ష ఎలా చేస్తారు, ముందు ఏం తినకూడదు, ఎన్నాళ్ళు పడుతుంది అని వెతకండి. "ఎన్నేళ్ళు బతుకుతారు" అనే ప్రశ్నను మాత్రం జబ్బుకి పేరు పెట్టేదాకా టైప్ చేయకండి. పేరే లేని జబ్బుకి దొరికే ఆ అంకె మీది కాదు.

అర్ధరాత్రి మెలకువ వచ్చి అదే ఆలోచన.

థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన పద్ధతి ఒకటుంది. రోజూ ఒకే వేళ, ఒకే చోట అరగంట బెంగకే కేటాయించడం. మిగతా వేళల్లో ఆలోచన వస్తే కాగితం మీద ఒక ముక్క రాసి ఆ అరగంటకు వాయిదా వేయడం. పడుకునే మంచం మీద మాత్రం ఆ అరగంట పెట్టుకోవద్దు. రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, బతకాలనిపించకపోతే, అది కూడా ఈ డాక్టర్‌కే చెప్పాల్సిన లక్షణం. చివరిదైతే ఆ రోజే చెప్పాలి.

అలసట జబ్బు వల్లా, భయం వల్లా?

రెండూ అయి ఉండొచ్చు, ఇంట్లో కూర్చుని విడదీయలేరు. ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వచ్చింది, ఎన్నింటికి జ్వరం తగిలింది, బరువెంత అని రోజుకి ఒక వాక్యం రాసి పెట్టండి. రోజుకి పదిసార్లు మెడ తడిమి గడ్డలు చూసుకోవడం మాత్రం మానండి. తడిమి తడిమి ఆ చోటే నొప్పెడుతుంది.

ఫలితం డాక్టర్ కంటే ముందే నా ఫోన్‌కి వస్తుంది. తెరవాలా?

రాకముందే నిర్ణయించుకోండి. తెరిచేవాళ్ళైతే శుక్రవారం సాయంత్రం, ఒంటరిగా ఉన్నప్పుడు వద్దు. అడగడానికి ఎవరూ దొరకని సమయం అది. తెరవనివాళ్ళు నోటిఫికేషన్ ఆపేసి, డాక్టర్‌ను కలిసే తేదీ ఖాయం చేసుకోవాలి.

## ఇంట్లోవాళ్ళతో

తేలేదాకా ఎవరికీ చెప్పకూడదనుకుంటున్నాను.

అందరికీ చెప్పక్కర్లేదు. ఒక్కరికైనా చెప్పండి, అదీ వెంటనే సలహాలు మొదలుపెట్టని మనిషికి. మిగతావాళ్ళు అడిగితే "పరీక్షలు జరుగుతున్నాయి, తెలిశాక నేనే చెప్తాను" చాలు. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళు గుసగుసలు ముందే పసిగడతారు. "ఒంట్లో బాలేదు, ఎందుకో డాక్టర్లు చూస్తున్నారు, నీవల్ల కాదు" అని చెప్పడం దాచడంకంటే నయం.

నాన్న రిపోర్టు నేనే ముందు చూశాను. ఆయనకు చెప్పాలా?

రిపోర్టు ఆయనది. "నాన్నా, అన్నీ వివరంగా తెలుసుకుంటావా, డాక్టర్‌తో నన్నే మాట్లాడమంటావా?" అని అడగండి. వద్దంటే వద్దు. కానీ ఆయన అడిగితే అబద్ధం చెప్పకండి. ఇంకో గదిలో తలుపేసుకుని ఫోన్లు మాట్లాడుకోవడం ఆయనకు తెలియదనుకోవడం పిల్లల భ్రమ.

## డాక్టర్ దగ్గర

ఇది మామూలు ఆలస్యమా, నన్ను మర్చిపోయారా? ఎలా తెలుస్తుంది?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపికుంటే ఇది చదవండి. మామూలు ఆలస్యానికి తేదీ, కారణం, బాధ్యుడు ఉంటారు: ఫలానా పరీక్ష, ఫలానా వారం వస్తుంది, ఫలానా డాక్టర్ చూసి చెప్తారు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి చెప్పేవాళ్ళు లేకపోయినా మీ కాగితం ఎక్కడో ఆగి ఉండొచ్చు. శాంపిల్ పాడవుతుంది, రిఫరల్ లెటర్ వెళ్ళదు, ఫలితం వచ్చి ఎవరూ తెరవని ఫైల్లో ఉంటుంది. ఇవి జరుగుతాయి.

చెప్పిన తేదీ దాటి రెండు పనిదినాలైతే ఫోన్ చేయండి. "ఏమైనా వచ్చిందా?" అని అడిగితే "ఇంకా లేదండి" అంటారు. "ఫలానా తేదీన ఇచ్చిన శాంపిల్ మీకు చేరిందా, ఏ దశలో ఉంది, ఎవరు చూడాలి?" అని అడగండి. మాట్లాడినవాళ్ళ పేరు, తేదీ రాసుకోండి. విసిగిస్తున్నామేమో అనే మొహమాటం చాలామందిని వారాలపాటు ఆపేస్తుంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

పది నిమిషాల్లో ఏం అడగను?

ఏమేమి అనుమానిస్తున్నారు, వాటిలో తప్పక కొట్టేయాల్సినది ఏది, తర్వాతి పరీక్ష ఏం తేలుస్తుంది, అది ఏమీ తేల్చకపోతే ఏం చేస్తారు. జవాబు "ఇప్పుడే చెప్పలేను" అయినా ఫర్వాలేదు, దేన్ని బట్టి చెప్పగలరో అడగండి.

రెండో అభిప్రాయం తీసుకుంటే మా డాక్టర్ నొచ్చుకుంటారేమో?

మంచి డాక్టర్ నొచ్చుకోరు. స్లైడ్లు, బయాప్సీ బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు) కూడా పంపించమని అడగండి. కొత్తచోట మళ్ళీ మొదటినుంచి గుచ్చించుకోవాల్సిన పని తగ్గుతుంది.

## తేలినా, తేలకపోయినా

అన్ని పరీక్షలూ అయ్యాయి. ఏమీ తేలలేదు, "గమనిద్దాం" అన్నారు.

ఇది నిజంగా ఒక వైద్య నిర్ణయమే. ఉదాహరణకు ఎంజీయూఎస్ అనే స్థితి 50 ఏళ్ళు దాటినవాళ్ళలో దాదాపు 3 శాతం మందికి ఉంటుంది. రక్తంలో ఒక అసహజ ప్రొటీన్ కనబడుతుంది, ఏ లక్షణమూ ఉండదు. అది మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) గానో అలాంటి జబ్బుగానో మారే అవకాశం ఏడాదికి 1 శాతం చుట్టూ. చాలామందిలో ఎన్నటికీ మారదు. అలాంటివాళ్ళకు మందు ఇవ్వరు, కాలానుగుణంగా రక్తం చూస్తారు. గమనించడమంటే ఏ పరీక్ష, ఎన్ని నెలలకు, ఏ అంకె దాటితే తర్వాతి అడుగు అన్నవి ఉండాలి. అవి లేకుండా "చూద్దాం" అంటే రాసివ్వమని అడగండి.

ఏమీ లేదన్నారు. అయినా భయం పోవడం లేదు.

నెలలపాటు కాపలా కాసిన ఒళ్ళు ఒక్కరోజులో కాపలా మానదు. ఎర్రగా వచ్చిన అంకె మామూలైందా, లేక అలాగే ఉండి హానిలేనిదని తేలిందా అడిగి తెలుసుకోండి. రెండోదైతే ఆ మాట రాయించుకోండి. లేకపోతే రెండేళ్ళ తర్వాత కొత్త డాక్టర్ అదే అంకె చూసి ఈ కథంతా మళ్ళీ మొదలుపెడతారు.

ఫలితం చెప్పే రోజు ఎలా వెళ్ళాలి?

తోడు ఒకరుండాలి, రాసుకునే పని వాళ్ళది. పెద్ద మాట విన్నాక తర్వాతి మాటలు చెవికెక్కవు. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చు. ఆ రోజే పెద్ద నిర్ణయం చేయాలా అని అడగండి. చాలా జబ్బులకు కొన్ని రోజుల వ్యవధి ఉంటుంది, అక్యూట్ లుకీమియా (వేగంగా ముదిరే రక్త క్యాన్సర్) లాంటి కొన్నిటికి ఉండదు. వచ్చేముందు ప్రతి రిపోర్టు నకలు, తర్వాతి తేదీ, సందేహం వస్తే ఫోన్ చేయాల్సిన నంబరు తీసుకోండి.